తెలుగు అక్షరంలో ఏ భాగాన్ని ఏమంటారు? ఒక శుభలేఖ సాక్షిగా చెప్తాను

డిజైన్ నేర్చుకుంటూ పోస్టర్ చేస్తున్న మీరు, తెలుగు అక్షరంలో భాగాలను ఏమంటారని ఒక్క ప్రశ్నే అడిగారు గానీ అందులో మూడున్నాయి. ఇంగ్లిష్ టైపోగ్రఫీ పాఠాల్లో చెప్పే బేస్‌లైన్, ఎక్స్-హైట్, ఎసెండర్, సెరిఫ్ తెలుగుకి పనికొస్తాయా? తెలుగు అక్షరాల భాగాలకు సొంత పేర్లున్నాయా? పోస్టర్ చేస్తుంటే తెలుగు వరసలు ఒకదాన్నొకటి ఎందుకు ఢీకొంటున్నాయి? పేర్లున్నాయి, అవి ఒకటో తరగతిలోనే మీకు నేర్పారు కూడా. వాటిని గుణింతం చదివించే పేర్లుగానే చూశాం తప్ప బొమ్మలో భాగాలుగా ఎవరూ చూపించలేదు, అంతే. వరసలు ఢీకొనే సంగతి ఆ భాగాలు చూశాక దానంతటదే తేలుతుంది.

నేను విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ పనిలో చేరి పాతికేళ్లు దాటింది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక శుభలేఖ చేశాను. శివకాశి కార్డు, గరుకు కాగితం, మెరూన్ రంగు మీద బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగ్. ‘వధువు’ అన్న మాటని 9 పాయింట్లలో పెట్టి, సన్నగా ఉందనిపించి బోల్డ్ నొక్కాను. ఆ ఫాంటుకి అసలు బోల్డ్ లేదు. సాఫ్ట్‌వేరే గీతని నాలుగు వైపులా ఉబ్బించింది. లేజర్ ప్రింట్ తీసిన ప్రూఫులో బాగానే ఉంది. 400 కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి తండ్రి కళ్లజోడు పెట్టుకుని చదివి, ‘వదువు అనుందేంటి బాబూ?’ అన్నాడు. ధ అడుగున ఉండాల్సిన చిన్న గీత ఇంకులో కలిసిపోయింది. మా ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బంగారు రంగు జెల్ పెన్ను ఒకటి చేతిలో పెట్టి, కార్డుల కట్టలు ముందు పడేశాడు. ఆ గీత, అంటే ఒత్తు, ఎంత పొడవుండాలో, అక్షరం ఒంటికి ఎంత దూరం దిగాలో ఆ రాత్రి 400 సార్లు నేర్చుకున్నాను.

ముందు ఇంగ్లిష్ సంగతి తొందరగా కానిచ్చేద్దాం. అక్షరాలన్నీ నిలబడే గీత బేస్‌లైన్. స్మాల్ లెటర్ ఎక్స్ ఎంత ఎత్తుందో అది ఎక్స్-హైట్. బి, డి, హెచ్‌లలో దాన్ని దాటి పైకి పోయే నిలువుగీత ఎసెండర్. జి, పి, వైలలో బేస్‌లైన్ కిందికి జారే తోక డిసెండర్. గీతల చివర్లో ఉండే చిన్న పాదాలు సెరిఫ్‌లు. గీతల మధ్య చిక్కుకున్న ఖాళీ కౌంటర్. వీటిలో కౌంటర్ తెలుగుకి ఉన్నదున్నట్టు వస్తుంది. బేస్‌లైన్ వస్తుంది గానీ తిప్పలు పెడుతుంది. క్యాపిటల్ అక్షరాల ఎత్తు అనేది మనకి లేనే లేదు. మిగతావాటిని బలవంతంగా తొడిగితే, పక్కింటివాళ్ల చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది.

బేస్‌లైన్ తిప్పలేమిటంటే, ఇంగ్లిష్‌లో హెచ్, ఎన్ లాంటివి చదునైన కాళ్లతో గీత మీద నిలబడతాయి. గుండ్రటి ఓని మాత్రం గీత కిందికి వెంట్రుకవాసి దించి గీస్తారు. సరిగ్గా గీత మీదే ఆపితే కంటికి అది చిన్నగా, గాల్లో తేలినట్టు కనిపిస్తుంది. నిలబడేవి కొన్ని ఉన్నాయి కాబట్టి దించినవి ఎంత దిగాయో తెలుస్తుంది. తెలుగులో దాదాపు అన్నీ గుండ్రటివే. ర, ద, న, వ, ల, ఏది చూసినా కుండ అడుగులాగే ఉంటుంది. అందుకే ఒకే వరసలో తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కన పెడితే, కొలత ప్రకారం అంతా సరిగ్గా ఉన్నా తెలుగు కొంచెం ఎగిరినట్టో దిగినట్టో అనిపిస్తుంది. అలాంటప్పుడు స్కేలు పక్కన పడేసి కంటిని నమ్మండి. అర పాయింటు అటూ ఇటూ జరిపితే కూర్చుంటుంది.

ఇప్పుడు మన అక్షరం. మధ్యలో ఉండేది హల్లు ఒళ్లు. ఇంగ్లిష్‌లో ఎక్స్-హైట్ చేసే పని ఇక్కడ ఈ ఒంటి ఎత్తు చేస్తుంది. దాని తల మీద తలకట్టు గానీ, గుడి గానీ, గుడిదీర్ఘం గానీ, ఎత్వం, ఏత్వం, ఒత్వం లాంటివి గానీ, పొల్లు గానీ కూర్చుంటాయి. కుడి చేతివైపు కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న, విసర్గ. అడుగున వత్తులు, ఐత్వం కింది ముక్క, ఒత్తక్షరాల చిన్న గీత. ఇక్కడో చిక్కుంది. ధ, ఫ, ఢ అడుగున ఉండే గీతనీ, జంటగా వచ్చే రెండో హల్లునీ జనం ఒకే మాటతో పిలుస్తారు. కలగాపులగం కాకుండా నేను గీతని ఒత్తు అనీ, హల్లుని వత్తు అనీ రాస్తాను.

అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది తలకట్టుని. టిక్కు మార్కులా కనిపించే ఈ గీతని డిజైన్ నేర్చుకునేవాళ్లు చాలామంది నగ అనుకుంటారు. దీని పుట్టుక నిజంగానే సెరిఫ్‌కి దగ్గరిది. శాసనాల్లో నిలువుగీతల పైకొసన మేకుతలలా ఒక చిన్న గుర్తు చెక్కేవారు. శతాబ్దాల మీద ఒళ్లు గుండ్రబడుతూ వచ్చింది, తల గుర్తు విడిపోయి టిక్కు అయింది. సెరిఫ్‌లు ఊడబెరికినా ఇంగ్లిష్ అక్షరం అదే అక్షరం. తలకట్టుకి మాత్రం ఉద్యోగం ఉంది. ‘ఈ హల్లులో అకారం ఉంది’ అని చెప్పేది అదే. క రాయండి, కి రాయండి, కె రాయండి, క్ రాయండి. ఒళ్లు కదలలేదు. తలకట్టు దిగిపోయి ఆ కుర్చీలో గుడి, ఎత్వం, పొల్లు వచ్చి కూర్చున్నాయి. కు, కూ, కృలలో మాత్రం కొత్త గుర్తు పక్కకో కిందకో పోతుంది కాబట్టి తలకట్టు కదలదు.

తలకట్టు లేని హల్లులు కూడా ఉన్నాయి: ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ. వీటి ఒంటి గీతే పైదాకా పోయి ముగుస్తుంది. అక్షరాలు గీసేవాళ్లకి ఇదొక పరీక్ష. ‘బలం’ అన్న మాటనీ ‘కదనం’ అన్న మాటనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదానికి తల మీద మూడు టిక్కులు, మొదటిదానికి ఒక్కటీ లేదు. ఒళ్లన్నీ ఒకే ఎత్తులో గీస్తే మొదటి మాట పొట్టిగా కనిపిస్తుంది. అందుకని మంచి ఫాంటులో బ, ల, జ ఒళ్లు కొంచెం ఎత్తుగా లాగి ఉంటాయి. హిందీలో ఈ బాధ లేదు, మాట పొడుగునా శిరోరేఖ ఒకటి గీసి అన్నిటినీ దాని కింద వేలాడదీస్తారు. మనవి ఎవరి గొడుగు వాళ్లు పట్టుకునేవి.

కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 చోట్లు ఇచ్చారు. గుడికి, కొమ్ముకి, పొల్లుకి అన్నిటికీ కోడ్ ఉంది. తలకట్టుకి లేదు. క అంటేనే తలకట్టు ఉన్న క, గుడి వస్తే తలకట్టు తీసేసే పని ఫాంటుది. పాత రోజుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో వాడిన ఫాంట్లు ఇలా కాదు. వాటిలో ఉండేవే 256 చోట్లు. హల్లు, గుణింతం, వత్తు కలిపితే రూపాలు వేలల్లోకి పోతాయి. అందుకే అప్పటి చాలా ఫాంట్లలో ఒళ్లు ఒకచోట, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట ముక్కలుగా ఉండేవి. మేం అక్షరాన్ని అతికించేవాళ్లం. అప్పట్లో కళ్లు నెప్పెట్టి తిట్టుకున్నాను గానీ, అక్షరంలో ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో ఆ ఫాంట్లే నేర్పాయి. మీకిప్పుడు ఆ భాగ్యం లేదు, ఫాంట్ ఎడిటర్ తెరిచి చూసుకోవాల్సిందే.

ఇక నా వధువు దగ్గరికి వద్దాం. ఈ మూడక్షరాల మాటని 200 పాయింట్ల సైజులో పెట్టి ప్రింట్ తీసుకోండి.

మొదటిది వ. దీని ఒళ్లు పైన మూసుకుని ఉంటుంది, తలకట్టు ఒంటిని తాకుతుంది. పక్కనే ప రాసి చూడండి. ప పైన తెరుచుకుని ఉంటుంది, తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా నిలబడుతుంది. వకీ పకీ తేడా ఆ సందే. సన్న కాగితం మీద ఇంకు పరుచుకుంటే, లేదా మీరు గీతని ఉబ్బించి ఆ సందు పూడ్చేస్తే, ‘పని’ కాస్తా ‘వని’ అవుతుంది.

రెండోది ధు. ద ఒళ్లు, దాని అడుగు మధ్యలో నిలువుగా ఒత్తు, తల మీద తలకట్టు అలాగే ఉంది, కుడిపక్క కొమ్ము. నాలుగు ముక్కలు ఒకే అక్షరంలో. నేను పోగొట్టింది వీటిలో అతి చిన్నదాన్ని. చ-ఛ, డ-ఢ, ద-ధ, ప-ఫ జంటల్లో తేడా అంతా ఆ గీతే. బ-భ దగ్గర మాత్రం మోసపోకండి. బకి తలకట్టు లేదు, భకి ఉంది. ఒత్తు చెరిగిపోయినా తల చూసి భని పట్టుకోవచ్చు. దకీ ధకీ ఆ దయ లేదు.

మూడోది వు. ఇక్కడ కొమ్ముని చూడండి. ధులో కొమ్ము ఒంటి పక్కన హాయిగా నిలబడింది. వులో కిందికి దిగి వేలాడుతోంది. ఎందుకంటే వ పక్కన అదే ఎత్తులో కొమ్ము పెడితే అది మ అయిపోతుంది. మ ఆకారం చూడండి, వకి కుడిపక్క కొమ్ము తగిలించినట్టే ఉంటుంది. ఆ గందరగోళం రాకుండా వు, పు, ఫులలో కొమ్ముని కిందికి దించారు. చూసి చూసి మనకి అలవాటై పట్టించుకోం గానీ, ఎవరో పాతకాలపు రాయసగాడు తలపట్టుకుని తేల్చుకున్న లెక్క ఇది. లోగోల్లో వుని ‘నీట్‌గా’ చెయ్యాలని కొమ్ము పైకి జరిపి, ‘నవ్వు’ని ‘నమ్మ’కి దగ్గర చేసినవాళ్లని చూశాను.

కౌంటర్ల గురించి ఒక్క మాట. ర లోపల చుక్క పెడితే ఠ. ధ లోపల చుక్క పెడితే థ. ఆ చుక్క చాలా పాతది. మన లిపికి మూలమైన బ్రాహ్మి లిపిలో ఠ ఒట్టి వృత్తం, థ మధ్యలో చుక్క ఉన్న వృత్తం. క అయితే కూడిక గుర్తు, ర ఒక నిలువుగీత. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి, వీలుంటే వెళ్లి చూడండి. మన అక్షరాలు గుండ్రంగా మారడానికి తాటాకు మీద గంటంతో రాయడమే కారణమని చెప్తారు. నిలువుగా, అడ్డంగా బలంగా గీస్తే ఆకు చీలుతుందన్నది నిజమే. తాటాకు మీదే రాసిన వేరే ప్రాంతాల లిపులన్నీ మనంత గుండ్రంగా లేవు కాబట్టి, ఆ ఒక్క కారణంతో కథ ముగిసిందని నేననుకోను. ఏదేమైనా, ఆ చుక్క బతకాలంటే లోపల ఖాళీ ఉండాలి. చిన్న సైజులో థ ఉన్న మాటని పెట్టేముందు బోల్డ్ జోలికి పోకండి. తప్పదంటే నిజమైన బరువులు, అంటే గీత మందాలు, విడిగా గీసిన ఫాంటు తీసుకోండి. నోటో సాన్స్ తెలుగులో, అనేక్ తెలుగులో సన్నం నుంచి మందం దాకా విడివిడిగా గీసి ఇచ్చారు. రామభద్ర లాంటివి పుట్టుకతోనే లావు, ఒకే బరువు. దాని మీద మళ్లీ బోల్డ్ నొక్కితే నా శుభలేఖ గతే.

వత్తుల విషయానికొస్తే, శుభలేఖ పైవరసే చాలు: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. స్తులో త వత్తు, ఘ్నలో న వత్తు, శ్రీలో క్రావడి, అంటే ర వత్తు. ఈ మూడింటికీ వాటి అసలు హల్లులతో పోలికే లేదు. త, న, మ, య, ర, ల వత్తులకి సొంత రూపాలున్నాయి. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసిన బుల్లి హల్లులే: గ్గ, చ్చ, ద్ద. కూర్చునే చోట్లు కూడా వేరు. చాలా వత్తులు ఒంటి కిందకి పోతాయి, య వత్తు కుడిపక్కన పైకి లేస్తుంది, క్రావడి ఎడమ నుంచి అడుగుని చుట్టుకుంటుంది. అందువల్ల క్రావడి ఉన్న అక్షరం ముందు ఖాళీ చూసుకోవాలి. శ్రీ ముందున్న అక్షరానికి వత్తు ఉంటే రెండూ గుద్దుకుంటాయి.

ఇంగ్లిష్ డిసెండర్ ఆ అక్షరం తోకే. మనకి అడుగున ఉండేది ఇంకో అక్షరం. ఒక్కోసారి రెండు. రాష్ట్రంలో ష కింద ట, ట కింద క్రావడి. ధార్ష్ట్యంలో ర తర్వాత మూడు హల్లులు వరసగా దిగుతాయి. పైన చూస్తే కీర్తిలో గుడిదీర్ఘం, ఆ పక్కన గుడి. పై వరసలో రాష్ట్రం, దాని కింద వరసలో కీర్తి పడ్డాయనుకోండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో లెడింగ్, అంటే వరసకీ వరసకీ తనంతట తాను పెట్టే దూరం, 120 శాతం, అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల వరస. ఆ లెక్క ఇంగ్లిష్‌ది. క్రావడి వచ్చి గుడిదీర్ఘం నెత్తిన కూర్చుంటుంది. మీ పోస్టర్లో జరుగుతున్నది సరిగ్గా ఇదే. తెలుగు పేరాకి నేను 150 శాతంతో మొదలుపెడతాను, పద్యాలు, సంస్కృత సమాసాలు ఉంటే 165 దాకా పోతాను. రెండు మూడు వరసల హెడ్డింగుకి మాత్రం ఏ లెక్కా పెట్టుకోను. మాటలు చూసి, అడుగున వత్తులు లేనిచోట బిగిస్తాను, ఉన్నచోట వదులుతాను. మాట మార్చుకునే వీలుంటే వరస విరిచే చోటు మార్చి, గుడీ వత్తూ ఎదురెదురు పడకుండా తప్పిస్తాను.

తెలుగు 12 పాయింట్లు ఇంగ్లిష్ 12 కంటే చిన్నగా కనిపించడానికీ కారణం ఇదే. చాలా ఫాంట్లలో అదే పెట్టెలో తల, ఒళ్లు, అడుగు మూడూ ఇరికించాలి కాబట్టి ఒళ్లు తగ్గించి గీస్తారు. రెండు భాషల కార్డులో తెలుగుని ఒకటి రెండు పాయింట్లు పెంచి, రెండు ఒళ్ల ఎత్తూ కంటికి సమానంగా ఉందో లేదో చూడండి. కొన్ని కొత్త ఫాంట్లలో ఒళ్లు పెద్దగా గీసి, అడుగుభాగాన్ని పెట్టె దాటనిచ్చారు. అలాంటివి మొబైల్ యాప్ బటన్లలో పెడితే వత్తు సగం తెగుతుంది. బటన్ ఎత్తు పెంచమని డెవలపర్‌తో గొడవపడక తప్పదు.

వత్తులే విడిపోయి, స్త్రీ కాస్తా పొల్లులు పెట్టుకుని మూడు ముక్కలై కనిపిస్తోందా? అది డిజైన్ లోపం కాదు, సెట్టింగ్. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఔట్ అని ఉండేది.

చివరగా, గీయడం ఎక్కడ మొదలుపెట్టాలన్న సంగతి. అ ఆలతో వద్దు, అచ్చులు చాలా కష్టం. ర, ద, వ, ప, ల, క ఈ ఆరూ ముందు గీయండి. రకి చుక్క పెడితే ఠ వస్తుంది, ద నుంచి ధ, థ, వ నుంచి మ, ప నుంచి ఫ, ష. ల మీ తలకట్టు లేని అక్షరాల ఎత్తు తేలుస్తుంది. తలకట్టు ఒక్కటే గీసి అన్నిటికీ అతికించకండి. వ మీద తాకేదానికీ, ప మీద విడిగా నిలబడేదానికీ వాలు వేరుగా ఉండాలి. ఆరూ, వాటి వెనకాల మిగతా అక్షరాలూ గుర్తులూ అయ్యాక ‘వధువు’, ‘ధార్ష్ట్యం’, ‘త్రైమాసికం’ ఈ మూడు మాటలు కూర్చి, 9 పాయింట్లలో మామూలు జిరాక్స్ కాగితం మీద ప్రింట్ తీయండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత చదివించండి, కళ్లజోడు తీసేసి.